ఎడమ కాలికి పని లేని కారు

కృష్ణకుమారి బడి నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే త్రికోటేశ్వరరావు ఫోన్‌లోంచి తలెత్తకుండా చెప్పాడు.

"ఏమే, హైబ్రిడ్ కూడా వస్తందంట."

ఆవిడ చెప్పులు విప్పి మూలన పెట్టింది. రెండేళ్ళుగా ఆ ఇంటికి రావాల్సినవన్నీ ఫోన్‌లోనే వస్తున్నాయి. మొదట టర్బో వస్తుందన్నారు. తర్వాత సీఎన్‌జీ వస్తుందన్నారు. ఈ మధ్య గేర్లు లేనిది వస్తుందన్నారు. ఇప్పుడు హైబ్రిడ్. గుమ్మం ముందు కారు పెట్టుకోడానికి వేయించిన రేకుల షెడ్డులో మాత్రం బట్టలారేసుకుంటున్నారు.

"అంటే పెట్రోలూ ఉంటది, కరెంటు మోటారూ ఉంటది. మెల్లగా పోయేటప్పుడు కరెంటు, ఊపుగా పోయేటప్పుడు పెట్రోలు. ఏందే, వింటన్నావా?"

"వింటన్నా. నేను చిలకలూరిపేట బస్టాండు నుంచి నిలబడే వచ్చా."

ఆవిడ ఎడ్లపాడు హైస్కూల్లో లెక్కల టీచరు. నరసరావుపేట నుంచి చిలకలూరిపేటకి ఒక బస్సు, అక్కణ్ణుంచి ఎడ్లపాడుకి ఇంకొకటి. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయిన దగ్గర్నుంచీ టిక్కెట్టు బాధ పోయింది, దాంతోపాటు సీటూ పోయింది. ఎడమ మోకాలు అరిగిపోయిందనీ, బస్సులో నిలబడటమైనా మానాలి, ఉద్యోగమైనా మానాలనీ డాక్టరు చెప్పాడు. ఆవిడ మొదటిది మానదల్చుకుని డ్రైవింగ్ నేర్చుకుంది. లైసెన్సూ వచ్చింది. కానీ క్లచ్ తొక్కినప్పుడల్లా మోకాలు ప్రాణం తీస్తోంది. అందుకని ఆవిడ మొగుణ్ణి అడిగింది ఒకటే. క్లచ్ లేని చిన్న కారు, ఏదైనా సరే. జూన్‌లో బడి తెరిచేలోపు రాకపోతే వాలంటరీ రిటైర్మెంటుకి పెట్టేయడం తప్ప దారి లేదు.

ఉద్యోగం మానడం ఆవిడకి ఇష్టం లేదు. మానితే ఇంట్లో కూర్చోవాలి. త్రికోటేశ్వరరావు సొసైటీ బ్యాంకులో చేసి కిందటేడే రిటైరై ఇంట్లో కూర్చున్నాడు.

ఆయన కారు కొననని ఎప్పుడూ అనలేదు. మంచిది కొందామన్నాడు. ఎడమ చేతి గోళ్ళు కొరుక్కుంటూ యూట్యూబ్‌లో కుర్రాళ్ళు చెప్పేదంతా విన్నాడు. మూడు సిలిండర్లదైతే వణుకుతుందట. టర్బో అయితే పెట్రోలు తాగుతుందట. క్లచ్చే లేకుండా దానంతటదే గేరు మార్చేదాంట్లో చవకది ఒకటుంది, అది మార్చేటప్పుడు మనిషిని ముందుకీ వెనక్కీ ఊపుతుందట. ఖరీదైనది ఊపదట, కానీ లాగదట. ఇవన్నీ తెలుసుకున్నాక ఆయనకి ఏ కారు మీదా నమ్మకం లేకుండా పోయింది. రాబోయే కారు ఒక్కటే ఏ తప్పూ చెయ్యలేదు, ఎందుకంటే అది ఇంకా రాలేదు.

పైగా కొండ సంగతి ఒకటుంది. నరసరావుపేటలో బండి కొంటే మొదట కోటప్పకొండకి తీసుకెళ్ళి పూజ చేయించాలి. కొత్త కారైతే ఇంటిల్లిపాదీ అందులో కూర్చుని ఘాట్ రోడ్డెక్కాలి. మధ్యలో ఎవరైనా దిగి నడిచినా, ఏసీ ఆపాల్సి వచ్చినా ఆ కారుకి ఊళ్ళో మర్యాద ఉండదు. పక్కింటి ఆనంద్ బాబు డీజిలు కారు నిండా చుట్టాలతో, డిక్కీలో రెండు గెలల అరిటిపళ్ళతో ఎక్కింది. ఆ మాట ఆనంద్ బాబు ఇప్పటికీ ఎవరికైనా నమస్కారం పెట్టిన వెంటనే చెబుతాడు.

"ఏడాదంతా నేను పోయేది ఎడ్లపాడండీ. అంతా హైవేనే. కొండెక్కేది ఒక్కరోజు" అంది కృష్ణకుమారి.

"ఆ ఒక్కరోజే నలుగురూ చూసేది."

చివరికి మే నెలలో ఒకరోజు త్రికోటేశ్వరరావు షోరూముకి ఫోన్ చేశాడు. ఉన్న ఆటోమేటిక్ కారుని కొండ దగ్గర టెస్టు చేస్తానన్నాడు. షోరూము నుంచి భావన అనే అమ్మాయి కారు తెచ్చింది. బండితోపాటు తానూ ఉండాలని, అది కంపెనీ రూలని చెప్పింది. ఆయన స్టీరింగు ముందు, భావన పక్కన, వెనక ఆనంద్ బాబూ కృష్ణకుమారీ కూర్చున్నారు. ఆనంద్ బాబుని నిపుణుడిగా పిలిచారు.

కొండ కింద, యల్లమంద నుంచి వచ్చిన త్రికోటేశ్వరరావు అక్కాబావలు కాసుకుని ఉన్నారు. బావ భారీ మనిషి. ఆయన్ని పిలిచింది అందుకే.

అప్పుడు లెక్క చూస్తే ఆరుగురు తేలారు. కారుకి ఐదు సీట్లే.

"బావ ఉండాల్సిందే. బరువు తెలవాలి గదా" అన్నాడు త్రికోటేశ్వరరావు.

"నేను లేకపోతే ఇంజను సౌండు ఎవరు పట్టేది?" అన్నాడు ఆనంద్ బాబు.

"ఎండన పడి వచ్చానురా, నన్ను దించుతావా?" అంది అక్క.

భావన రూలు ప్రకారం దిగడానికి లేదు. అందరూ కృష్ణకుమారి వైపు చూశారు.

"నువ్విక్కడ కూచోవే. నీకసలే మోకాలి నొప్పి."

ఆవిడ దిగి కొబ్బరికాయల కొట్టు పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చుంది. బెంచీ కాలుతోంది. బ్యాగులోంచి పాత క్వశ్చన్ పేపర్లు తీసి కింద వేసుకుంది. తన కారు తను లేకుండా కొండెక్కుతుంటే కాసేపు చూసి, మలుపు తిరిగాక చూడటం మానేసింది.

కొట్టతను అడిగాడు. "కొత్త కారా అమ్మా?"

"కాదు నాయనా. పెళ్ళిచూపులు."

వాళ్ళు దిగొచ్చేసరికి ఆవిడ నీడ కోసం రెండుసార్లు చోటు మారింది. నలుగురూ కారు దిగి దాని చుట్టూ నిలబడ్డారు. శవాన్ని ఎప్పుడు లేపాలో తేల్చుకునేవాళ్ళలా ఉన్నారు.

"ఎక్కింది" అన్నాడు బావ చెమట తుడుచుకుంటూ. "ఎక్కింది గానీ ఇష్టం లేకుండా ఎక్కింది."

"గేరు దానంతటదే మార్చుకుంటంది. మనల్ని ఒక్క మాట అడగలా" అన్నాడు ఆనంద్ బాబు.

"నాకు చానా కళ్ళు తిరిగినయ్" అంది అక్క.

"మీకు ఏ కారెక్కినా తిరుగుతయ్ వదినా" అంది కృష్ణకుమారి.

త్రికోటేశ్వరరావు బానెట్టు మీద చెయ్యి వేసి, కాలితే తీసేసి, తీర్పు చెప్పాడు. "బానే ఉంది. కానీ హైబ్రిడ్ అయితే మలుపు కాడ కరెంటు మోటారు వెనకనించి తోస్తది. దీపావళికి రావచ్చంటన్నారు. కాకపోతే వచ్చే ఏడు. ఇన్నాళ్ళు ఆగాం, ఇంకొంచెం ఆగలేమా?"

బావ ఆగొచ్చన్నాడు. ఆనంద్ బాబు ఆగొచ్చన్నాడు. అక్క సోడా తాగుతూ తలూపింది. ఆగడంలో వాళ్ళెవరికీ నష్టం లేదు.

కృష్ణకుమారి కాగితాలు దులిపి బ్యాగులో పెట్టుకుని కారు దగ్గరికి నడిచింది.

"అమ్మా భావనా, నాకు లైసెన్సుంది. నేనొకసారి నడపొచ్చా?"

"నడపొచ్చు మేడం. ఇందాక మీరే నడుపుతారనుకున్నా."

"నేనూ అనుకున్నా."

మొగుడు ఏదో అనేలోపు ఆవిడ తలుపేసుకుంది. కారు కదలగానే ఎడమ కాలు క్లచ్ కోసం వెతుక్కుంది. నేల తప్ప ఏమీ దొరకలేదు.

"ఆ కాలు పక్కన పెట్టుకోండి మేడం. దానికి పనిలేదు."

"అంత సుఖం దానికి అలవాటు లేదమ్మా."

రెండో మలుపులో బస్సు ఒకటి వెనకొచ్చి హారన్ కొట్టింది. ఆవిడ బెదిరి బ్రేకు తొక్కింది. కారు ఏటవాలు మీద ఆగింది. బస్సు డ్రైవరు తల బయటికి పెట్టి ఇద్దరి వంశాలనీ తలుచుకున్నాడు. భావన మెల్లగా కుడి కాలు యాక్సిలేటరు మీదికి మార్చమంది. మార్చింది. కారు కొంచెం వెనక్కి జారినట్టే జారి, మనసు మార్చుకుని, పైకి పాకింది. ఇష్టం ఉండి ఎక్కిందో, లేకుండా ఎక్కిందో ఆవిడ పట్టించుకోలేదు. బడికి కూడా పిల్లలు ఇష్టం ఉండి రారు.

పైన పార్కింగులో ఒక చెట్టు కింద ఆపింది. మోకాలు తడిమి చూసుకుంది. ఉన్నచోటే ఉంది, ఏమీ అనడం లేదు.

"ఇట్టాంటిది బడి తెరిచేలోపు ఇచ్చేది ఏమన్నా ఉందా?"

"ఒకటుంది మేడం. కాఫీ రంగు. ఒక సారు బుక్ చేసి క్యాన్సిల్ చేశారు."

"ఎందుకు, బండి బాలేదా?"

"బండి బానే ఉంది మేడం. హైబ్రిడ్ వస్తందని ఆగారు."

కృష్ణకుమారి ఫోన్ తీసింది. అడ్వాన్సు తన జీతం అకౌంటు నుంచే కట్టబోయింది. అంతా అయ్యాక ఓటీపీ అడిగింది. ఆవిడ ఎదురుచూసింది. రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది. అకౌంటు తెరిచిన రోజున ఫారం నింపింది త్రికోటేశ్వరరావు. నంబరు ఆయనది.

ఫోన్ చేసింది.

"మీ ఫోన్‌కి ఒక నంబరు వచ్చుద్ది. చెప్పండి."

"వచ్చింది. ఏందే ఇది? నువ్వు కొండ మీదేం కొంటన్నావు?"

"కారు."

అవతల కాసేపు సోడా గ్యాసు చప్పుడు వినిపించింది.

"ఓటీపీ ఎవరికీ చెప్పకూడదే. బ్యాంకులో ఎంతమందికి చెప్పానో."

"నా జీతం, నా మోకాలు. చెప్పండి."

"తొందర పడమాక. ఈ బండి కొన్న నెలకే హైబ్రిడ్ వచ్చిందనుకో, నలుగురూ ఏమంటారు?"

"ఆ నలుగురూ మీ పక్కనే ఉన్నారు గదా, అడగండి. నేను మాత్రం ఆ నంబరు లేకుండా దిగను. దిగితే ఆగను. ఇట్నే పోయి ఈ అమ్మాయిని షోరూములో దించుతా. మీరు నలుగురూ ఆటో చూసుకోండి."

ఫోన్ చేత్తో మూశాడు కానీ సరిగ్గా మూయలేదు. బావ గొంతు వినిపించింది. "ఒరేయ్ కోటేశ్వరావ్, చెప్పి చావరా. ఇంకాసేపు ఈ ఎండలో ఉంటే మావాళ్ళకి నా కబురు చెప్పాల్సొస్తది."

అప్పటికి ఓటీపీ టైమైపోయింది. మళ్ళీ పంపమంది. మళ్ళీ వచ్చింది. త్రికోటేశ్వరరావు ఒక్కొక్క అంకే, బ్యాంకులో చిరిగిన నోటు తీసుకున్నప్పటిలా, చూసి చూసి చెప్పాడు. చివరిదాని దగ్గర ఆగాడు.

"ఇంకోసారి ఆలోచించవే. దీపావళంటే ఎంతో లేదు."

"చివరిది."

"కనీసం కాఫీ రంగు వద్దని చెప్పు. మళ్ళీ అమ్మాలంటే ఎవరూ కొనరు."

"మీకు రంగు ఎట్టా తెలుసు?"

"క్యాన్సిల్ చేసిన సారు ఆనంద్ బాబు బావమరిదే."

"చివరిది చెప్పండి."

"ఏడు" అన్నాడు, ఎవరో పోయారన్నట్టు.

బుక్కయిందని భావన చెప్పింది. కృష్ణకుమారి సంతోషపడదామని చూసింది గానీ, అంతకి ఓపిక లేదు. తల వెనక్కి వాల్చి, ఏసీ పెంచి, ఇంజను ఆపకుండా ఆ చెట్టు కిందే కూర్చుంది. పెట్రోలు ఊరికే కాలిపోతోంది. కాలనిచ్చింది.