ఒక్కర్తే ఉంటే వచ్చే చప్పుడు

అమెరికాలోని బెంటన్‌విల్‌లో కారు లేనిదే కొత్తిమీర కట్ట కూడా ఇంటికి రాదు. ఆ సంగతి భవిత చాలా ఏళ్ళు పక్క సీట్లో కూర్చుని తెలుసుకుంది. వర్క్ పర్మిట్ వచ్చి, స్ప్రింగ్‌డేల్‌లో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా ఉద్యోగం దొరికాక లైసెన్స్ తెచ్చుకుంది. భర్త ఫణి కొత్త కారు కొనుక్కుని, పాతది ఆమెకిచ్చాడు. రోడ్డు మీద చిన్న గతుకు వస్తే చాలు, ఆ పాతది పడవలా ఊగేది.

"షాపుకెందుకు, నేనే చేస్త," అన్నాడు ఫణి.

అతనిది సిద్దిపేట. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, ఏ పనైనా చేత్తో పట్టుకుని చూస్తే గానీ తృప్తి ఉండదు. వీడియోలు చూశాడు. పనిముట్లు అద్దెకి తెచ్చాడు. రెండు వీకెండ్లు గరాజ్‌లోనే గడిపి, ముందు చక్రాల దగ్గర కుదుపుని మింగే స్ట్రట్‌లూ, వాటి చుట్టూ ఉండే బలమైన స్ప్రింగులూ, కింది రబ్బరు బుష్‌లూ అన్నీ మార్చేశాడు. చివరి బోల్టు బిగించి బయటికొచ్చినప్పుడు ముఖమంతా గ్రీజు. భవిత నవ్వుతూ టవల్ అందించింది.

సోమవారం ఉదయం ఆఫీస్‌కి బయల్దేరింది. కారు మెత్తగా, నీటి మీద జారినట్టు వెళ్తోంది. కాలనీ గేటు దగ్గర స్పీడ్ బంప్ దాటి ఎడమకి తిప్పింది.

టంగ్.

ఇనప గరిటెతో ఖాళీ గిన్నె అంచు మీద కొట్టినట్టు ఒక్క చప్పుడు. ఆఫీస్ పార్కింగ్‌లో తిరుగుతుంటే మళ్ళీ వచ్చింది. సాయంత్రం ఇంటి దగ్గర ఇంకోసారి.

ఫణి అప్పటికప్పుడు కారు తీసుకుని ఊరంతా తిరిగొచ్చాడు. "ఏం లేదు. నాకైతే వినబడ్తలేదు."

మర్నాడు మళ్ళీ వచ్చింది. ఫణి చక్రాలు విప్పి, ప్రతి బోల్టూ మళ్ళీ బిగించాడు. రెండు వీధుల అవతల ఉండే, కార్ల సంగతి తెలిసిన కేశవరావుగారికి ఫోన్ చేస్తే ఆయన, "చక్రాల పక్కనుండే లింక్ కడ్డీలు అరిగిపోయుంటాయి, మార్చెయ్యి బాబూ," అన్నారు. అవీ మార్చాడు. తను నడిపి చూశాడు. చప్పుడు లేదు. భవిత నడిపింది. టంగ్.

ఈసారి ఫణి పక్కన కూర్చుని నడపమన్నాడు. గేటు దాటారు, ఎడమకి తిప్పింది, కుడికి తిప్పింది, పార్కింగ్ లాట్‌లో ఎనిమిది అంకెలా చుట్టింది. చప్పుడు జాడ లేదు. ఫణి కిటికీలోంచి బయటికి చూస్తూ, "నీ డ్రైవింగ్‌లనే ఏదో ఉండొచ్చు. బంప్ మీద గట్టిగ పోతున్నవేమో," అన్నాడు. అంతకన్నా కటువుగా ఏమీ అనలేదు. కానీ భవితకి అది ముల్లులా దిగింది. లేటుగా డ్రైవింగ్ నేర్చుకున్నదాన్నని తనకి తెలుసు. గతుకు చూస్తే నత్తలా వెళ్తానని కూడా తెలుసు.

ఆ రోజు నుంచి చప్పుడు సంగతి ఎత్తలేదు. అలాగని వదిలెయ్యనూ లేదు. రేడియో కట్టేసి, ఏసీ ఆపి, చెవులు రిక్కించి నడపడం మొదలుపెట్టింది. చిత్రంగా, భయం స్థానంలో ఒక కుతూహలం వచ్చి కూర్చుంది. ఆఫీస్‌లో ఆమె పనే అది. ప్రోగ్రామర్ 'నా దగ్గర బాగానే పనిచేస్తోంది' అంటాడు. యూజర్ 'నా దగ్గర ఆగిపోతోంది' అంటాడు. ఇద్దరూ నిజమే చెప్తుంటారు. ఇద్దరి మధ్య ఏది మారుతోందో పట్టుకోవాలి, అంతే.

ముందు ఫోన్‌లో రికార్డ్ చేసింది. రాత్రి అన్నం తింటుంటే టేబుల్ మీద పెట్టి వినిపించింది. ఇంజన్ హోరు, ఇండికేటర్ టిక్కు టిక్కు, తర్వాత స్పష్టంగా: టంగ్.

ఫణి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మళ్ళీ పెట్టమన్నాడు. విని, "ఇది ఇనుమే," అన్నాడు మెల్లగా. "మరి నాకెందుకు రాదు?"

"అదే నేనూ ఆలోచిస్తున్నా. నువ్వు నడిపితే రాదు. నువ్వు పక్కనున్నా రాదు. నేనొక్కదాన్నే ఉంటే వస్తుంది. నిన్ను చూసి భయపడుతోందంటావా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ ఆ ప్రశ్న భవిత బుర్రలో తిరుగుతూనే ఉంది. ఫణి ఉంటే ఏం మారుతోంది? దారి అదే. వేగం అదే. టైరు అదే. గిన్నెలు సర్దుతుంటే పాంట్రీ తలుపు సందులోంచి సోనామసూరి బియ్యం బస్తాలు కనిపించాయి. వాటిని పైకి ఎత్తాలంటే ఎప్పుడూ ఫణినే పిలుస్తుంది. బరువు. ఫణి ఉంటే కారు మీద బరువు పెరుగుతుంది.

శనివారం పొద్దున్నే బియ్యం బస్తాలు గరాజ్‌లోకి ఈడ్చింది.

"ఎటు తీస్కపోతున్నవ్ వాటిని?" అన్నాడు ఫణి కాఫీ కప్పుతో వచ్చి.

"నీకు బదులు వీటిని పక్కన కూర్చోబెడతా."

ఫణి కప్పు పక్కన పెట్టి, బస్తాలు సీట్లోకి ఎత్తాడు. గోధుమపిండి సంచీ, వాటర్ బాటిళ్ళ కేసులూ కాళ్ళ దగ్గర పేర్చాడు. కారు స్టార్ట్ చెయ్యగానే బీప్ బీప్ మని ఒకటే గోల. సీట్లో ఎవరో బెల్టు పెట్టుకోలేదని దాని బాధ. భవిత బియ్యానికి సీట్ బెల్టు పెట్టి బయల్దేరింది.

బంప్ ఎక్కి దిగింది, ఎడమకి తిప్పింది. నిశ్శబ్దం. నాలుగైదు సార్లు తిరిగినా అంతే. వెనక్కొచ్చి బస్తాలన్నీ దింపించి, ఖాళీ కారుతో వెళ్ళింది. మొదటి మలుపులోనే టంగ్‌మంది.

ఇంటికొచ్చి కిటికీ దింపి, "బరువే," అంది.

ఫణి గరాజ్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. "అందుకే నా చెవిన పడలే. నేను ఎక్కంగనే అది నోరు మూసుకుంటుంది." ఆమె వైపు తల తిప్పాడు. "నీ డ్రైవింగ్ అన్నా కదా. తప్పయింది."

"సర్లే. ఇప్పుడు నువ్వు లోపల ఉండకుండా వినాలి. పద."

కాలనీ స్విమ్మింగ్ పూల్ పక్కన ఇంకో స్పీడ్ బంప్ ఉంది. ఫణి దాని పక్కనే గడ్డిలో గొంతుక్కూర్చున్నాడు. భవిత ఒక్కతే నడుపుతూ, అతని మోకాళ్ళ పక్కనుంచి నిదానంగా బంప్ దాటించి స్టీరింగ్ తిప్పేది. కుక్కతో వాకింగ్‌కొచ్చిన ఒకావిడ ఆగి, ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగింది. చప్పుడు వెతుక్కుంటున్నాం అన్నాడు ఫణి. ఆవిడా కుక్కా కూడా నిలబడిపోయారు.

మూడో చుట్టులో ఫణి చెయ్యెత్తాడు. తన చెవులతో మొదటిసారి విన్నాడు. "ఎడమ ముందు చక్రం. పైన కాదు, కింద."

మధ్యాహ్నానికల్లా ఎడమ చక్రం విప్పారు. ఫణి టార్చ్ వేసి బోల్టుల వైపే చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ చూసిందీ వాటినే. భవిత అతని భుజం మీదుగా వంగింది. స్ప్రింగ్ కింది కొస కూర్చోవడానికి గిన్నెలాంటి అమరిక ఉంది. అందులో కొస ఆనడానికి చిన్న గట్టు ఉంది.

"ఈ కొస ఆ గట్టుకి తగలాలా?"

"తగలాలె."

"తగల్లేదుగా. నా వేలు పడుతోంది మధ్యలో."

ఫణి తన వేలు పెట్టి చూశాడు. నిజమే. స్ప్రింగ్‌ని కొద్దిగా పక్కకి తిరిగి ఉండగానే బిగించేశాడు. బరువు పడితే అది అదిమినట్టు కదలకుండా ఉంటోంది. తేలికైతే చక్రం తిప్పినప్పుడల్లా మెలి తిరిగి, ఎగిరి గట్టుకి కొడుతోంది. కింద రబ్బరు పొర అప్పుడే సగం చిరిగింది. అదీ పోతే, ఇనుము మీద ఇనుము రాసుకుని స్ప్రింగే విరిగి ఉండేది, హైవే మీద ఎప్పుడో ఒక రోజు. ఆ మాట ఇద్దరికీ తట్టింది.

రబ్బరు తెప్పించి, స్ప్రింగ్‌ని నొక్కిపెట్టే పరికరం మళ్ళీ అద్దెకి తెచ్చి, మరుసటి ఆదివారం బిగించారు. ఈసారి కొస గట్టుకి ఆనిందో లేదో భవిత వేలు పెట్టి చూసి సరే అన్నాకే ఫణి ఆ పరికరాన్ని వదులు చేశాడు.

"ఒక్కదానివే పోయి చూడు," అన్నాడు తాళాలిస్తూ.

ఆమె వెళ్ళింది. గేటు దాటి కనబడకుండా పోయింది. పది నిమిషాల పని. ఫణి పనిముట్లు తుడిచి సర్దాడు, గరాజ్ ఊడ్చాడు, పప్పు కుక్కర్లో పెట్టాడు. ఆమె రాలేదు. ఫోన్ చేద్దామనుకుని, డ్రైవింగ్‌లో ఉంటుందని మానేశాడు. చివరికి బయటికొచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

ఎండ వాలుతుండగా కారు వచ్చి నెమ్మదిగా ఆగింది. భవిత జుట్టు గాలికి రేగిపోయి ఉంది. కిటికీలన్నీ దింపి ఉన్నాయి.

"వచ్చిందా?" అన్నాడు ఫణి.

"రాలేదు."

"మరి ఇంత సేపు?"

"ఎంత దూరం రాకుండా ఉంటుందో చూద్దామనిపించింది. ఫాయెట్‌విల్ దాటాక కొండల్లోకి ఒక రోడ్డుంది, అన్నీ మలుపులే," అంది ఇంజన్ ఆపకుండానే. "ఎక్కు, చూపిస్తా."

ఫణి వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చి, పక్క సీట్లో కూర్చున్నాడు.