గని కూత

వరదమ్మ పెనం మీద దోసె పోస్తుండగా గని సైరన్ కూసింది.

ఆ బంగారు గని మూతబడి ఇరవై ఏళ్లు దాటింది. లోపల ప్రమాదం జరిగినప్పుడే సైరన్ అలా ఆగకుండా కూసేది. వరదమ్మ పొయ్యి కూడా ఆర్పకుండా, వట్టి కాళ్లతో పరుగు తీసింది. మొగుడు మురుగేష్ ఇప్పుడు గనిలోకి దిగడం లేదని, టమోటా తోటకు నీళ్లు కట్టడానికి వెళ్లాడని ఆమెకు తెలుసు. తెలిసినా కాళ్లు ఆగలేదు.

గేటు దగ్గర పాత క్వార్టర్స్ ఆడవాళ్లు అప్పటికే గుమిగూడి ఉన్నారు. గనిలోనే మొగుణ్ని పోగొట్టుకున్న సుబ్బులమ్మ కమ్మీలు పట్టుకుని కాపలా మనిషిని అడుగుతోంది: "ఎవురు నాయనా? ఈసారి ఎవురు?"

"ఎవురూ లేరమ్మా. గని మళ్లా తెరస్తా ఉండారు గదా, సైరన్ పనిచేస్తాదా లేదా అని సూసినాం," అన్నాడతను బిత్తరపోయి.

ఒక్కరూ కదల్లేదు. అంతలో మురుగేష్ బురద కాళ్లతో రొప్పుతూ వచ్చాడు. వరదమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"సురేంద్ర యాడ?" అన్నాడు కొడుకు కోసం చుట్టూ వెతుకుతూ.

"పనికి పేరిచ్చేదానికి ఈడికే వచ్చినాడు," అంటూనే ఆమె కాపలా మనిషి వైపు తిరిగింది. "గేటు తియ్యప్పా! లోపల నా బిడ్డ ఉండాడు!"

కాసేపటికి సురేంద్ర నవ్వుతూ బయటికి వచ్చాడు. "ఏమైందిమా?"

ఆమె వాడి తల, భుజాలు తడిమి చూసుకుని చెయ్యి పట్టుకుంది. "ఇంటికి పదరా. మళ్లా ఈడికి రావద్దు."

వాడు నడుస్తూనే గని వైపు తిరిగి చూశాడు. అది చూసి వరదమ్మ వాడి చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.