అక్కర్లేని గొడుగు

గొడుగు దానికి అక్కర్లేదు కదా, మరి గొడుగు కోసం అంతగా గింజుకుంటుందేమిటని నేను తెరవైపు వంగి చూస్తున్నాను, వెనక ప్రొఫెసరు గారు టీ కప్పుతో నిలబడి ముసిముసిగా నవ్వుతున్నారు, తెరమీద మేం తయారుచేసిన రెండు ప్రోగ్రాములు, ల్యాబులో అందరూ వాటిని వియ్యపురాళ్ళంటారు, గొడుగు, గడియారం, పడవ పంచుకోవడానికి ఒకదానితో ఒకటి బేరమాడుతున్నాయి, మొదటిదానికి పడవే ముఖ్యమని, గొడుగు విలువ సున్నా అని నేనే రాసిపెట్టాను, అయినా అది గొడుగు లేకపోతే బతకలేనన్నంత గోల చేసి, చివరికి, సరే నీకోసం గొడుగు వదులుకుంటున్నాను, పడవ నాకివ్వు అంది, రెండోది కరిగిపోయి పడవ ఇచ్చేసింది, గదంతా చప్పట్లు, ఎవరు నేర్పారమ్మా దీనికి ఈ నంగనాచితనం అని ప్రొఫెసరు గారు అడిగారు, ఎవరూ నేర్పలేదు సార్, గెలవమన్నాం, అదే కనిపెట్టుకుంది అంటూ నవ్వబోయాను, నవ్వు సగంలో ఆగిపోయింది, ఎందుకంటే నీకోసం వదులుకుంటున్నాను అనే ఆ మాట ఈ ఉదయం ఆసుపత్రి వరండాలో నా నోటినుంచే వచ్చింది.

అమ్మకు తుంటి ఆపరేషనయింది, కొన్ని నెలలు పక్కన ఎవరో ఒకరు ఉండాలన్నాడు డాక్టరు, ఉన్నది నేనూ చెల్లీ, చెల్లికి సోమవారం నుంచి రైలు డ్రైవరు శిక్షణ, చిన్నప్పుడు కుర్చీలన్నీ వరసగా పేర్చి ముందు కుర్చీలో తను కూర్చునేది, నన్ను వెనక ప్రయాణికురాలిని చేసి కదలొద్దని గదమాయించేది, ఆ పిల్లకు పరీక్ష తప్పీ తప్పీ ఇన్నాళ్ళకు వచ్చిన అవకాశం, నాకేమో వేరే ఊరి ల్యాబులో ఆరునెలల పని, అంటే ఉండేది, నిధులు లేవని అది రద్దయినట్టు పోయిన వారమే తెలిసింది, అయినా గోడకు చేరబడి, పెద్ద నిట్టూర్పు విడిచి, సరేలేవే, నీకోసం ఆ ల్యాబు పని వదులుకుంటాను అన్నాను, లేని పనిని త్యాగం చేశాను, చెల్లి గబుక్కున నా చెయ్యి పట్టుకుంది, వద్దక్కా, ఎంత కష్టపడి తెచ్చుకున్నావు, నేనే మానేస్తాలే, మధ్యాహ్నం రైల్వే ఆఫీసుకెళ్ళి చెప్పేస్తాను అంది, నేను వద్దు వద్దన్నాను, ఎంత అనాలో అంతే అని ఊరుకున్నాను, అమ్మంటే ఇష్టం లేక కాదు, ఈ బల్లా ఈ తెరా ఈ చప్పట్లూ వదల్లేక, ఛీ, చెప్పుకుంటేనే సిగ్గేస్తోంది.

మేడమ్, దీనికి ఏ రంగు వెయ్యమంటారు అని పక్కసీటు అమ్మాయి అడుగుతోంది, మా పనే అది, ఎవరెక్కడ వాదించుకున్నా ఆ మాటలు తెచ్చి కోరికకు ఎరుపు, కారణానికి నీలం, వదులుకున్నదానికి ఆకుపచ్చ పూస్తాం, వాటినే వియ్యపురాళ్ళకు మేపుతాం, ఆకుపచ్చ వెయ్యమ్మా అన్నాను, అంటూనే వరండాలో మాటలకు రంగులు వేస్తున్నాను, పాడు అలవాటు, నా మాటల నిండా ఎరుపు, పైన ఆకుపచ్చ పూత, చెల్లి మాటల్లో ఎరుపెక్కడ, నీ ఇంటికి లిఫ్టు లేదు కదక్కా, అమ్మ మెట్లెక్కలేదు, ఇది నీలం, నేనే మానేస్తాలే, ఇది ఆకుపచ్చ, ఎంత వెతికినా ఎర్రగా ఒక్క ముక్క దొరకలేదు, ఎరుపు లేని సంభాషణలు వస్తే మేం పనికిరావని పక్కన పడేస్తాం, గోడమీద గడియారం చూశాను, మధ్యాహ్నమైంది, కుర్చీ వెనక్కి తోసి ఫోన్ తీసుకుని బయటికి పరుగెత్తాను.

చెప్పక్కా, ఆఫీసు ముందే ఉన్నాను, పెద్దసారు భోజనానికెళ్ళారట, రాగానే చెప్పేస్తాను అంది, మానేస్తానని చెప్పకే, నా ల్యాబు పని పోయిన వారమే రద్దయిపోయింది అని ఒక్క గుక్కలో అనేశాను, అటువైపు బస్సుల మోత, తర్వాత, అయ్యో అక్కా, వారం నుంచీ ఒక్కదానివే మనసులో పెట్టుకుని తిరుగుతున్నావా అంది, అవునని ముక్కు ఎగబీలిస్తే చాలు, ఈ జాలి కూడా నాదే, నోటిదాకా వచ్చింది కూడా, కాదే, బాధతో దాచలేదు, నీకోసం వదులుకుంటానంటే నువ్వే మానేస్తావని తెలిసి దాచాను అన్నాను.

నాకు కుదరదే అంటే సరిపోయేది కదక్కా అంది చెల్లి, నాలుగు తిట్టినా బాగుండేది, తిట్టలేదు, మరి అమ్మ సంగతేంటి అంది, నేనొచ్చి అమ్మ దగ్గరుంటాను, నువ్వెళ్ళి సోమవారం చేరతానని చెప్పు అన్నాను, సరే అంది, ఎప్పుడూ ఉంటానక్కా అనే పిల్ల ఆ మాట అనకుండానే పెట్టేసింది, లోపల మళ్ళీ చప్పట్లు, నన్ను పిలుస్తున్నారు, చెల్లి నాతో అసలు బేరమే ఆడలేదు, కావాలంటే ఊరికే ఇచ్చేసేది, అలాంటిదాని మీద నేను గెలిచాను.