మంగళవారం త్రాసు

వసుంధర భర్త గోపాలకృష్ణ 1970 జూన్‌లో పోయాడు. కాలువల మీద ఓవర్సీరు. మూడు రోజులే జ్వరం. నెల తిరక్కుండా ఆమె బాపట్ల కాలేజీలో మళ్ళీ పాఠాలు మొదలుపెట్టింది. కంట నీరు పెట్టలేదు. గట్టి మనిషి అన్నారు తోటివాళ్ళు. గట్టిగా ఉన్నట్టు ఆమెకేమీ అనిపించలేదు. అసలు ఏదీ అనిపించడం లేదు, అంతే.

ఆమె చెప్పేది పోషకాహారం. డెల్టా ఇళ్ళలో ఎవరెంత తింటున్నారో తూచి, దాని మీద డాక్టరేటుకు రాయమని శాఖాధిపతి వేంకటసుబ్రహ్మణ్యం అన్నారు. ఏడాది సెలవు పెట్టి రేపల్లెలో పుట్టింటికి చేరింది. చుట్టుపక్కల ఊళ్ళలో నలభై ఇళ్ళు ఎంచుకుంది. ఇంటికి వారానికో రోజు, ఆరు వారాలు. పెనుమూడి వంతు మంగళవారం.

పెనుమూడిలో మొదటి ఇల్లు వెంకట్రామయ్యది. ఐదెకరాల కౌలు రైతు. ఇంట్లో తల్లి ఆదిలక్ష్మి, భార్య పున్నమ్మ, ఇద్దరు పిల్లలు. వసుంధర త్రాసు దించి, అందరి పళ్ళాలూ ఒకేసారి వడ్డించి పెట్టమంది.

"కోడలు మాతోపాటు కూచోడమేంటమ్మా? అందరూ తిన్నాక తింటది" అంది ఆదిలక్ష్మి.

"ముందు అన్ని పళ్ళాలూ తూచాలండి. లేకపోతే లెక్క కుదరదు."

ఆదిలక్ష్మి గొణుక్కుంటూ ఐదో పళ్ళెం కూడా దించింది. అన్నం, దోసకాయ పప్పు, వంకాయ కూర, మజ్జిగ. పున్నమ్మ పళ్ళెంలో లోటేమీ లేదు. వసుంధర రాసుకుంది. తర్వాతి మంగళవారమూ అంతే.

మూడో వారంలో రక్తపరీక్షల చీటీలు వచ్చాయి. పున్నమ్మకు హిమోగ్లోబిన్ ఆరు, పన్నెండుండాల్సింది. అంత అన్నం తినే మనిషికి ఆరెలా వస్తుంది? కడుపులో పురుగులేమో అనుకుని మందుబిళ్ళలు పట్టుకుని, చెప్పకుండా ఒక శుక్రవారం వెళ్ళింది. మధ్యాహ్నం రెండున్నర. పున్నమ్మ వంటింటి గడప దగ్గర ఒక్కతే కూచుని, గిన్నె అడుగు మాడు గీకి గంజిలో వేసుకుని, ఉప్పురాయి, పచ్చిమిరపకాయతో తింటోంది.

"ఏంటమ్మా ఇది? ఇదేనా భోజనం?"

పున్నమ్మ కొంగు సర్దుకుంటూ లేచింది. "రోజూ ఇంతేనండి పంతులమ్మగారూ. మిగిలితే తింటాను, లేకపోతే లేదు. మంగళవారం మటుకు మీరు తూస్తారు గదండీ, అత్తయ్య నాకూ నిండా పెడతది." గిన్నె పక్కకు జరిపి అంది, "మంగళవారం కోసం చూస్తానండి నేను."

వసుంధర ఆమె పొట్ట వైపు చూసి అడిగింది, "ఎన్నో నెల?"

"నాలుగండి."

వసుంధర అదీ రాసుకుంది. బస్సులో కూచున్నాక, తనకిప్పుడు కోపం రావాలి కదా అనుకుంది. రాలేదు.

మిగతా ఇళ్ళకూ అలాగే చెప్పకుండా వెళ్ళింది. నలభై ఇళ్ళలో పదకొండింట ఇదే కథ. ఆ ఇళ్ళలో గింజలకు కరువు లేదు. త్రాసు వచ్చిన రోజునే ఆడమనిషికి పళ్ళెం.

బాపట్ల వెళ్ళి శాఖాధిపతికి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ పదకొండూ తీసేయండి."

"తీసేస్తే మిగిలినదాన్ని ఎలా నమ్మమంటారు సార్?"

"ఇది పోషకాహారం కాదమ్మా. కోడలు ఆఖర్న తినడం సంఘశాస్త్రం. ఎప్పట్నుంచి అలా తింటోందో చరిత్ర. కౌలు గింజలు ఎటుపోతాయో ఆర్థికశాస్త్రం. దీన్ని ఏ శాఖలో వెయ్యమంటారు?"

"పళ్ళెం ఒక్కటే గదండీ."

ఆయన చెడ్డమనిషి కాదు, టీ తెప్పించి తాగించి పంపారు.

ఆరు వారాల గడువు అయిపోయింది. ఆ తర్వాతి మంగళవారం కూడా వసుంధర పెనుమూడిలో బస్సు దిగింది. చేతిలో త్రాసు చూసి వెంకట్రామయ్య ఆశ్చర్యపోయాడు.

"ఆరు వారాలన్నారు గదండీ, ఇంకా అవలేదా?"

"కడుపుతో ఉన్నవాళ్ళుంటే కాన్పయ్యేదాకా తూయాలండి. ఇకనుంచి రోజూ."

"గవర్నమెంటు రూలా అండి?"

"రూలే."

ఆమె అబద్ధమాడి ఎరగదు. ఈ అబద్ధం మాత్రం తడుముకోకుండా వచ్చింది. త్రాసు ఆదిలక్ష్మి చేతికిచ్చి, రోజూ మీరే తూచి పెట్టాలండి, నేను మంగళవారం వచ్చి చూసుకుంటాను అంది. ఆదిలక్ష్మికి అక్షరం ముక్క రాదు. తూచిన రోజుకో బొగ్గుగీత వంటింటి గోడ మీద గీసేది. ఒక్క రోజూ తప్పలేదు.

ఒక మంగళవారం పళ్ళెం త్రాసు మీద ఉండగానే ఆదిలక్ష్మి అంది, "నాకు తెలుసులేమ్మా, ఇదేం రూలూ కాదు." వసుంధర తలెత్తింది. "ఐదు కాన్పులు నాకు. నిలిచింది వీడొక్కడే. మా రోజుల్లో మాకెవరూ తూచలేదు." అని ఇంకో గరిటె పప్పు కోడలి పళ్ళెంలో వేసింది.

మే నెలలో పున్నమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా నిలిచారు. రక్తం తొమ్మిదికి దగ్గరగా వచ్చింది. పిల్లను తూస్తే రెండుంబావు కిలోలు. అందరూ నవ్వుతున్నారు. వసుంధర అంకె రాసుకుని, ఆఖరి బస్సు దాటిపోతుందని లేచింది.

థీసిస్‌లో ఆ పదకొండు ఇళ్ళనూ తీసేయలేదు. ఒక అధ్యాయం నిండా వాటి గురించే రాసింది. 1972లో అది తిరిగొచ్చింది: విషయం ఈ శాఖ పరిధిలోకి రాదు. ఆమె దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. మర్నాడు పాఠానికి వెళ్ళింది.

పరీక్షకులకు పంపిన ప్రతి ఒకటి చేతులు మారి, ఆ అధ్యాయం తెనాలి చేరింది. అక్కడి కాలేజీలో చరిత్ర చెప్పే గౌరీశంకరం దాన్ని చదివి బాపట్ల వచ్చాడు. బక్కపల్చటి మనిషి, మాట తొందర.

"అమ్మా, నేను పదేళ్ళుగా కరువుల గురించి చెబుతున్నాను. ఎంతమంది పోయారో చెబుతాను గానీ, ఇంట్లో ముందెవరు తినడం మానేశారో నాకు తెలీదు. మీకు తెలుసు. మనిద్దరం కలిసి చెబుదామా?"

"ఏ శాఖ కింద?"

"ఏ శాఖా వద్దండి. శనివారం సాయంత్రాలు గది ఖాళీగానే ఉంటుంది."

తెనాలిలో శనివారం తరగతి అలా మొదలైంది. ధాన్యం సంగతులు చెప్పడానికి వ్యవసాయ కాలేజీ నుంచి ఒకాయన, పాత వంటల మాటలు చెప్పడానికి తెలుగు మేష్టారొకాయన వచ్చేవారు. వాదనలు చాలా జరిగేవి. నాలుగేళ్ళ ఉత్తరప్రత్యుత్తరాల తర్వాత యూనివర్సిటీవారు దాన్ని ఐచ్ఛిక పాఠంగా ఒప్పుకున్నారు. 'ఆహార అధ్యయనం' అని పేరు. కాగితం మీద శాఖ అన్నచోట గీత గీసి వదిలేశారు. గౌరీశంకరం మిఠాయి పంచాడు. వసుంధర తనకిచ్చిన ముక్కను రుమాల్లో చుట్టుకుంది.

మొదటి బ్యాచి విద్యార్థులు తొమ్మిదిమందిని వసుంధర రేపల్లె దాకా రైల్లో, అక్కణ్ణుంచి బస్సులో పెనుమూడి తీసుకెళ్ళింది. ఆదిలక్ష్మిని అరుగు మీద కూచోబెట్టి, "ఇవాళ పాఠం ఈవిడ చెబుతారు" అంది. ఏం చెప్పాలమ్మా అని ఆవిడ సిగ్గుపడింది. ఆ తర్వాత కాపురానికొచ్చిన ఏడాది తానేం తిన్నదీ చెప్పడం మొదలుపెట్టి, రెండు గంటలు ఆగలేదు. తొమ్మిదిమందీ రాస్తూనే ఉన్నారు.

మధ్యాహ్నం అందరికీ విస్తళ్ళు వేశారు. పున్నమ్మ వడ్డించి, తనూ ఒక ఆకు వేసుకుని వసుంధర పక్కన కూచుంది. పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైంది. గోపాలకృష్ణ పోయాక వసుంధరకు అన్నం రుచి తెలియడం ఇదే మొదలు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఇంకొంచెం వెయ్యమని ఆకు ముందుకు జరిపింది.