వెనక సీటు వారంటీ

కారులో కొత్త స్పీకర్లు పెట్టించిన దగ్గర్నుంచి వెనక సీటు దూరం జరుగుతోంది. మొదట్లో చేయి వెనక్కి చాస్తే నా భార్య సుచరితకి నీళ్ల సీసా అందేది. ఇప్పుడు అద్దంలో ఆమె గోరంత కనిపిస్తోంది. బయటి నుంచి చూస్తే కారు పొడవు మారలేదు.

సుచరిత ముందు సీట్లో కూర్చోదు. వెనక కూర్చుని నా డ్రైవింగ్ గురించి ఏదో ఒకటి అంటూ ఉంటుంది. ఆ మాటలు వినపడకూడదనే డిక్కీలో పెద్ద బేస్ పెట్టె కూడా పెట్టించాను. బేస్ మోగినప్పుడల్లా సీటు ఇంకాస్త వెనక్కి వెళ్తుంది.

ఇప్పుడు ఆమె గొంతు నేరుగా రాదు. ఆ స్పీకర్లలోంచే వస్తుంది.

"ఏవండీ, ఇక్కడ చీకటి పడుతోంది."

నా వైపు ఇంకా మధ్యాహ్నమే.

"సర్వీసుకి తీసుకెళ్తున్నా. వారంటీ ఉందిగా."

"అది కారుకి. మీకు కాదు."

ముందు ఆటోనగర్‌లో మస్తాన్ దగ్గర ఆగుతాను. స్పీకర్లు పెట్టింది అతనే. సర్వీసుకి వెళ్లే ముందు బయట పెట్టించుకున్న స్పీకర్ల సెట్టు విప్పించి, కారుతో వచ్చిన కంపెనీ సెట్టు మళ్లీ పెట్టించుకోవడం ఇక్కడ అందరూ చేసే పనే. మస్తాన్ నా పాత సెట్టుని పేపర్లో చుట్టి దాచి ఉంచాడు.

"బయటి సెట్టు కనబడితే వారంటీ లేదని వాళ్లు చేతులెత్తేస్తారన్నా. విప్పేస్తే ఎవడికీ తెలీదు."

"వైరు కోశావా?"

"కంపెనీ ప్లగ్గుకే తగిలిద్దామని చూశా. నీ బేస్‌కి సరిపోలా. కోసి, నల్ల టేపు చుట్టా. తలుపు లోపలి అట్ట పీకితే తప్ప కనబడదులే."

బేస్ పెట్టె దింపేశాక, చివరి స్పీకర్ విప్పుతుంటే సుచరిత అంటుంది: "ఏవండీ, ఒక్క మాట..."

స్పీకర్ మస్తాన్ చేతిలోకి వస్తుంది. అతను దాన్ని చెవి దగ్గర ఊపి చూసి, పెట్టెలో పెట్టేస్తాడు.

"నీకేదో చెప్పబోయినట్టుందన్నా."

కంపెనీ సెట్టు ఆన్ చేస్తాను. వార్తలు వస్తాయి. సుచరిత రాదు.

సర్వీస్ సెంటర్లో ప్రవల్లిక అనే అమ్మాయి వెనక తలుపు తీసి లోపలికి టార్చి వేస్తుంది. వెలుగు కొంత దూరం వెళ్లి అలిసిపోతుంది.

"ఎంత దూరం పోయింది సార్?"

"మా ఆవిడ గోరంత కనిపిస్తోంది."

"అద్దంలో చూసి చెబుతున్నారా, వెనక్కి తిరిగి చూశారా?"

"అద్దంలోనే."

"బయటి ఫిట్టింగులేమైనా పెట్టించారా?"

"లేదు."

"అయితే వారంటీలో వచ్చేస్తుంది. సీటు మొత్తం మార్చేస్తాం."

ఇద్దరు మెకానిక్‌లు కొత్త సీటు మోసుకొస్తారు. ప్లాస్టిక్ కవరు కింద, సీటు మీద, బెల్టు పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. కారుకి సరిపోయే సైజులో ఉంది. నోటి దగ్గర కవరు కదలడం లేదు.

"మరి పాత సీటు?"

"వారంటీలో మార్చిన పార్టు కంపెనీకే పోతుంది సార్. మళ్లీ ఎవరూ వాడకుండా నలగ్గొట్టేస్తారు."

"దాని మీద మనిషి ఉంది."

"ఇందులోనూ ఉన్నారు కదండీ."

మెకానిక్ పాత సీటు బోల్టుకి పానా తగిలిస్తాడు. బోల్టు కిర్రుమంటుంది. నేను తలుపు అట్టని రెండు చేతులా పట్టి పీకుతాను. క్లిప్పులు విరుగుతాయి. నల్ల టేపు ఊడదీసి, తెగిన వైరు చూపిస్తాను.

"బయటి సెట్టు పెట్టించాను. ఇదిగో."

ప్రవల్లికకి కోపం రాదు. పానా ఆపమని చెయ్యి చూపిస్తుంది.

"అయితే సీటుకి వారంటీ రాదు సార్."

"కారు మొత్తానికి పోయినట్టేనా?"

"ఎందుకు పోతుందండీ? ఇంజనుకీ బ్రేకులకీ ఉంటుంది. మీరు కోయించిన వైరు వల్ల ఏది చెడిందో అదొక్కటే మీది."

కొత్త సీటు తిరిగి వెళ్లిపోతుంది. నేను తెరిచిన తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, వైరు కొసలు చెరో చేతిలో పట్టుకుంటాను. ముందు పళ్లు జివ్వుమంటాయి. తర్వాత దవడ తనంతట తనే తెరుచుకుంటుంది.

"ఏవండీ," అంటుంది సుచరిత, నా నోట్లోంచి. "ఇప్పుడు వినిపిస్తోందా?"

జవాబు చెప్పడానికి నాకు వేరే నోరు లేదు. వైరు వదిలితే ఆమె ఆగిపోతుంది. వదలను. ఆమె మాట్లాడుతూనే ఉంది. మెకానిక్‌లు ఫ్యాను కట్టేసి వింటున్నారు.

ఒక్కో మాటకీ నా నాలుక కాస్త కాస్తగా సాగి, వెనక సీటు మీదుగా చీకట్లోకి పరుచుకుంటుంది. చాలా దూరంలో, దాని కొస మీద, చెప్పుల్లేని పాదం ఒకటి ఆనుతుంది. ఉప్పగా ఉంది. బరువు మోపవచ్చో లేదో చూసుకుంటోంది.