ఎర్ర తీగ, నల్ల తీగ

ఖిదిర్‌పూర్ కార్పొరేషన్ క్వార్టర్సులో బంగారయ్య చెవి గురించి తెలియనివాళ్లు లేరు. పంపు హౌస్‌లో పనిచేసినన్నాళ్లూ, మోటారు మీద స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఏ బేరింగ్ అరిగిందో చెప్పేవాడు. ఇంజినీరు బాబులు మీటర్లు పెట్టి తంటాలుపడి, చివరికి ఆయన చెప్పిందే రాసుకుపోయేవారు. రిటైరయ్యాక కళ్లు మసకబారాయి. ఇక మిగిలింది పాట. తన చేత్తో చేసుకున్న రెండు స్పీకరు పెట్టెల ముందు కూర్చుంటే ఆయనకు లోకంతో పనిలేదు.

ఈమధ్య ఆ పెట్టెలు బొంగురుపోయాయి. కూతురు జ్యోతిరాణి టీవీలు బాగుచేసే షాపులో పనిచేస్తుంది. తండ్రి పనితనమంటే ఆమెకు ప్రాణం. పెట్టెలు విప్పి లోపలి క్రాసోవర్ బోర్డు చూసింది. పాటలో బరువైన శబ్దాన్ని పెద్ద స్పీకరుకూ, సన్నటిదాన్ని చిన్న స్పీకరుకూ పంచేది అదే. దానిమీద కెపాసిటర్లు ఎండిపోయాయి. కొత్తవి వేసింది. అప్పుడే ఒక సంగతి కంటబడింది. చిన్న స్పీకరు ఎర్ర గుర్తుకు నల్ల తీగ, నల్ల గుర్తుకు ఎర్ర తీగ ఉన్నాయి. రెండు పెట్టెల్లోనూ అంతే. ఇవి చేసేనాటికే నాన్నకు చూపు తగ్గిందా అని ఆమె మనసు చివుక్కుమంది. ఆ మాట ఆయనతో ఏ మొహం పెట్టుకుని అంటుంది? ప్రేమ ఎక్కువైనప్పుడు బుద్ధి కాస్త సెలవు పెడుతుంది కాబోలు, గుట్టుచప్పుడు కాకుండా తీగలు మార్చి మూత బిగించేసింది.

బంగారయ్య విని, బాగుందమ్మా అన్నాడు. వారం తిరక్కుండానే పాట మధ్యలో కట్టేయడం మొదలెట్టాడు. తర్వాత అసలు పెట్టడమే మానేశాడు. ఒక ఆదివారం పక్కింటి పిచ్చయ్యతో ఆయనంటున్న మాట జ్యోతిరాణి వింది.

"కళ్లెలాగూ పోనాయి, ఇప్పుడు సెవులు కూడా పోనాయిరా. పాట ఇంటంటే మనిసి గొంతు గోడెనక్కి ఎల్లిపోతంది."

ఆమె పెట్టెలు మళ్లీ విప్పి మీటరు పెట్టింది. కెపాసిటర్ల కొలతలు సరిగ్గా ఉన్నాయి, టంకాలు గట్టిగా ఉన్నాయి, తీగచుట్టలు తెగలేదు. తప్పెక్కడా దొరకలేదు. ఇక తను మార్చినవాటిలో మిగిలినవి ఆ రెండు తీగలే. ఒక పెట్టెలో మాత్రం వాటిని నాన్న కట్టినట్టే కట్టి, ఏమీ చెప్పకుండా పాట పెట్టింది. ముందు తను మార్చినట్టే ఉన్న పెట్టె పలికింది, తర్వాత నాన్న కట్టినట్టు కట్టిన పెట్టె.

గోడవైపు తిరిగి పడుకున్న బంగారయ్య దిగ్గున లేచి కూర్చున్నాడు.

"మనిసి ముందుకొచ్చీసినాడే. ఏటి సేసినావు?"

ఆమె ఉన్నదంతా ఒప్పేసుకుంది. ఆయన పడీపడీ నవ్వాడు. పెద్దదీ చిన్నదీ కలిసి పలికేచోట, బోర్డు మూలంగా ఒకటి ముందుకు తోస్తే ఒకటి వెనక్కి లాగుతుందనీ, గొంతు అక్కడే పల్చబడుతుందనీ, అందుకే కావాలని తిప్పి కట్టాననీ చెప్పాడు. ఏ పుస్తకమూ చూడలేదట. రెండు రకాలుగానూ కట్టి విన్నాడట, అంతే. జ్యోతిరాణికి సిగ్గుకన్నా గర్వమే ఎక్కువైంది.

నవ్వు ఆగాక ఆయన గొంతు తగ్గింది.

"అయితే అమ్మా, నా సెవులు..."

"నీ సెవులకేటీ అవలేదు నాన్నా. నువ్విన్నదే నిజం."

ఇన్నాళ్లూ తన చెవినే అనుమానించుకున్నాడు గానీ, కూతురి చేతిలో తప్పు జరిగి ఉంటుందని ఆయనకు తోచనే లేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, రెండో పెట్టె కూడా తొందరగా విప్పమన్నాడు.