పన్నెండు ఎలుకల బంతి

ఎక్కడైనా వావిలాకు కాగుతున్న వాసన తగిలితే మొగిలయ్య మనసు పంతొమ్మిది వందల అరవై నాలుగుకు పోతుంది. వరంగల్‌లో కాలేజీ వెనక పెంకుల షెడ్డు, స్పిరిట్ వాసన, తెల్ల ఎలుకలు, రత్నం డాక్టరమ్మ. తన గ్లాసులోని చాయ్ సగం అతనికి పోసి, మిగతా సగం ఆమె తాగేది. అట్లాంటి రోజులు మళ్లీ రాలేదు.

అప్పుడతను ఎలుకలకు మేత వేసే టెంపరరీ మనిషి. ఏటూరునాగారం దిక్కు అతని తల్లి సమ్మమ్మ వావిలాకుతో ఊరందరి మోకాళ్ల వాపులూ దించేది. ఆ మాట విని డాక్టరమ్మ ఆకు తెప్పించింది. ఎండబెట్టి, స్పిరిట్‌లో నానబెట్టి సారం తీసింది. ఆరు ఎలుకలకు సారం, ఆరింటికి ఉత్త నీళ్లు మొగిలయ్య తాగించాలి. గంటాగి ఆమె అన్నిటి పాదాల్లోకీ వాపు తెచ్చే సూది వేస్తుంది. సాయంత్రం పాదం చుట్టూ దారం చుట్టి, స్కేలు మీద కొలుస్తుంది.

ఆ సాయంత్రం కొలతలన్నీ ఒక్కలాగే వచ్చాయి.

"నీళ్లకూ ఆకుకూ ఫరకే లేదు మొగిలయ్యా. మీ అమ్మ ఆకు పనిచేయదని రాసేస్తున్న," అంది ఆమె కలం మూత తీస్తూ.

జరిగిందేమిటో మొగిలయ్యకు తెలుసు. చెబితే నౌకరి పోతుంది. చెప్పకపోతే అమ్మ నలభై ఏళ్ల హస్తవాసి ఆ పుస్తకంలో అబద్ధమైపోతుంది.

"రాయకుండ్రి అమ్మా. తప్పు నాది. పన్నెండింటికీ సారమే పోసిన."

"ఆరింటికి సరిపోయేంతే ఇచ్చిన కదయ్యా?"

"చుట్టాలు ఎక్కువొస్తే పప్పుల నీళ్లు కలుపుతం గద, అట్ల సర్దిన. బంతిల కూసున్నోళ్లల్ల సగం మందికి పెట్టి సగం మందికి పెట్టకుంటె పాపం తగలదా?"

"అవి ఎలుకలు! నీ బిడ్డ పెండ్లికొచ్చిన చుట్టాలు కాదు!" కోపంగా మొదలైన మాట నవ్వయి ఆగింది. "నెల కష్టం గంగల కలిపినవ్. నౌకరి ఫికర్ పెట్టుకోకు గానీ, మళ్ల చేయాలె. ఈసారి ఆరింటికి నీళ్లే. పోస్తవా?"

"పోస్త."

వారం తర్వాత వేరే పన్నెండు ఎలుకలు. నీళ్లు పోసేటప్పుడు మొగిలయ్య వాటి కళ్లలోకి చూడలేదు. సాయంత్రానికి ఆ ఆరింటి పాదాలు బూరెల్లా ఉబ్బాయి. సారం తాగినవాటికి అందులో సగం వాపు కూడా లేదు.

"గెలిచింది మీ అమ్మ!" అంది డాక్టరమ్మ, కొలతలు రాసుకుంటూ.

మొగిలయ్య నవ్వాడు గానీ, నీళ్లు తాగిన ఎలుకల దగ్గర్నించి కదల్లేదు.

"అమ్మా, కొలుసుడు అయిపోయింది గద. సీసల సారం జర మిగిలింది..."

ఆమె పుస్తకం మూసింది.

"పోసెయ్యి. ఒక్కదాన్ని గూడ ఇడువకు."